తలుపమ్మ నేరం ఒప్పుకున్న ఆదివారం

ఆవిడకు ఆ పేరు పెట్టింది మేకప్ గదిలోని వాళ్లు. ముప్పై ఏళ్లుగా టీవీ పోలీసు కథల్లో ఆవిడ చేస్తూ వచ్చిన పని ఒక్కటే. ఇన్‌స్పెక్టరు వచ్చి తలుపు కొడతాడు. ఆవిడ తీసి, "ఆయన ఇంట్లో లేరండీ" అంటుంది. ఇన్‌స్పెక్టరు ఆవిడ భుజం మీదుగా లోపలికి ఒక చూపు చూసి వెళ్లిపోతాడు. అక్కడితో ఆవిడ పాత్ర సరి. ఒకసారి పనిమనిషి, ఒకసారి అత్తగారు, ఇంకోసారి ఇంటి యజమానురాలు. వేషం ఏదైనా తలుపు మాత్రం తప్పదు. ఒక డైరెక్టరైతే ఆ మూడు ముక్కలు కూడా ఎందుకులే అని తల అడ్డంగా ఊపి ఊరుకోమన్నాడు. అలా తలుపమ్మ అయింది. అరవై ఒకటో ఏట ఆవిడను అసలు పేరు పెట్టి పిలిచేది ఆస్పత్రి కౌంటరులో నర్సు ఒక్కతే.

అలాంటి తలుపమ్మకు "ఆగిపోయిన లిఫ్టు" అనే టెలిఫిల్ములో హంతకురాలి వేషం దొరికింది.

దాన్ని తీస్తున్న డైరెక్టరు ముప్పై ఏళ్ల అమ్మాయి. అది ఆ అమ్మాయికి మొదటి పని. ఆఫీసుకు పిలిపించి, ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి, "అమ్మా, మొత్తం కథలో మీరు మెట్లు ఊడుస్తూ కనిపిస్తుంటారు. రెండే రెండు మాటలు మాట్లాడతారు. చివరి ఏడు నిమిషాలు మాత్రం మీవే. చంపింది మీరే," అంది.

తలుపమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా వచ్చి నిలబడ్డారేమోనని.

"మిమ్మల్నే అంటున్నానమ్మా."

"నేను చంపితే ఎవరైనా నమ్ముతారా తల్లీ?"

"నమ్మరు. అందుకే మీరు కావాలి," అంది అమ్మాయి. "ఒక్కటే షరతు. టీవీలో వచ్చేదాకా ఈ సంగతి మూడో మనిషికి తెలియకూడదు. ఇంట్లోవాళ్లకు కూడా."

ఇంట్లోవాళ్లంటే తలుపమ్మకు ఉన్నది ఒక్క చెల్లెలే. అయితే ఆ చెల్లెలు వందమంది పెట్టు. భర్త పోయాక అక్క దగ్గరే ఉంటూ, కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. పోలీసు కథలంటే చెవి కోసుకుంటుంది. కథ మొదలైన అరగంటలో హంతకుడెవరో చెప్పేస్తుంది. పదిసార్లు చెబితే తొమ్మిదిసార్లు సరిపోతుంది. ఆ పదోసారి మాత్రం కథ రాసినవాడికి బుద్ధి లేదంటుంది. మేడ మెట్ల మీద ఎదురైనవాళ్లంతా ఆమెను "డిటెక్టివుగారూ" అనే పిలుస్తారు. అలాంటి మనిషి పక్కన ఒకే గదిలో పడుకుంటూ నెలరోజులు రహస్యం దాచడం తలుపమ్మకు షూటింగుకంటే పెద్ద పనైపోయింది. డైలాగులు బట్టీ పట్టడానికి స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పి పెట్టుకునేది. "ఏమిటక్కా, ఈమధ్య గంటలకొద్దీ స్నానం చేస్తున్నావు? ఒంట్లో బాగానే ఉందా?" అని చెల్లెలు తలుపు బాదేది.

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు టెలిఫిల్ము మొదలవుతుందని టీవీలో వారం నుంచి ఊదరగొట్టారు. రెండున్నరకే వాళ్ల ముందుగదిలో చాప పరిచి కుర్చీలు వేశారు. పైఅంతస్తు పోస్టుమాన్ తాత వచ్చి ఫ్యాను కింద కుర్చీ పట్టేశాడు. ఆయన రిటైరై పదేళ్లయినా అందరికీ ఇంకా పోస్టుమానే. పక్కింటి బ్యూటీపార్లరు ఆవిడ తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకునే వచ్చేసింది. "మన తలుపమ్మగారు ఈసారి ఎవరింటి తలుపు తీస్తున్నారో!" అని తాత నవ్వాడు. "ఈసారి చీపురు," అంది తలుపమ్మ. 

కథ మొదలైంది. ఒక పాత అపార్టుమెంటు. దాని యజమాని లిఫ్టు గుంటలో పడి చచ్చిపోతాడు. ప్రమాదమా, హత్యా? యజమాని తమ్ముడి మీద అనుమానం, వ్యాపారంలో భాగస్తుడి మీద అనుమానం. వెనకాల ఎక్కడో తలుపమ్మ మెట్లు ఊడుస్తోంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇరవై నిమిషాలకు మొదటి ప్రకటనల విరామం వచ్చింది.

"భాగస్తుడే," అని చెల్లెలు తేల్చేసింది. "చేతికి కొత్త కట్టు చూశారా? గుంట అంచు గీసుకుని ఉంటుంది."

అప్పుడు మోగింది తలుపమ్మ ఫోను. అవతల ఎడిటరు. అతన్ని అందరూ కత్తెర అంటారు.

"అమ్మా, కొంప మునిగింది. ఎక్కడున్నారు?"

తలుపమ్మ వంటగదిలోకి నడిచింది. "ఇంట్లోనే బాబూ. ఏమైంది?"

"చివరి భాగం ఇవాళే వచ్చింది. ఇప్పుడే వేసి చూశాం. అందరి మాటలూ వినిపిస్తున్నాయి, మీ గొంతు మాత్రం లేదు. మీరు డబ్బింగు చెప్పిన డిస్కు చెడిపోయింది. నెల కష్టం బూడిదైపోయింది. ఏడు నిమిషాలు మీ పెదాలు ఆడుతున్నాయంతే."

"షూటింగులో మాట్లాడిన మాటలు ఉంటాయిగా?"

"ఆరోజు పక్కవీధిలో రోడ్డు తవ్వుతున్నారు గుర్తులేదూ? మీ ఒక్కో మాటకూ పది డ్రిల్లుదెబ్బలు. మీరు టాక్సీ ఎక్కి స్టూడియోకి వచ్చేయండి. నలభై నిమిషాల దారి. నాలుగుంబావుకు వచ్చినా మళ్లీ రికార్డు చేసి అతికించేస్తాను. నాలుగూ నలభై రెండుకి ఆ సీను గాలిలోకి వెళుతుంది."

"ఫోనులో చెప్పేస్తే సరిపోదా నాయనా?"

"ఫోను గొంతు ఫోను గొంతులాగే ఉంటుందమ్మా. ఎదురుగా కూర్చున్న మనిషి ఫోనులో మాట్లాడినట్టుంటే జనం నవ్విపోతారు. దండం పెడతాను, బయల్దేరండి."

తలుపమ్మ ఫోను పెట్టేసింది. ముందుగదిలోకి వచ్చి, చేతిసంచీ అందుకుని, "స్టూడియోలో ఏదో సంతకం మరిచిపోయారట. ఇలా వెళ్లి అలా వచ్చేస్తాను," అంది.

గదిలోవాళ్లంతా ఆవిడకేసి చూశారు. చెల్లెలు లేచి నిలబడింది.

"ఆదివారం పూట సంతకమా?"

"అవునే, అర్జంటట."

"నీ మొహం చూసుకున్నావా? సున్నం కొట్టినట్టుంది. నేనూ వస్తున్నా."

"సినిమా చూస్తున్నావుగా!"

"ఫోనులో చూస్తాను. పద."

టాక్సీ డ్రైవరు నలభై ఏళ్ల మనిషి. ముందు అద్దం కింద ఫోను తగిలించుకుని అతనూ "ఆగిపోయిన లిఫ్టు" పెట్టుకున్నాడు, చూడకుండా వింటున్నాడు. చెల్లెలికి ప్రాణం లేచివచ్చింది. వెనకసీట్లోంచి ముందుకు వంగి, "నీకెవరి మీద అనుమానం?" అంది.

"తమ్ముడండీ. అన్న చనిపోయాడని తెలియగానే ముందు 'ఎక్కడ' అని అడిగాడు. 'ఎలా' అనలేదు."

"అబ్బే! భాగస్తుడు. కట్టు చూడలేదా నువ్వు?"

"బండి తోలుతూ కట్లెలా చూస్తానండీ? మాట వింటే తెలిసిపోతుంది. మీరేమంటారు పెద్దమ్మా?" అని అతను అద్దంలో తలుపమ్మను చూశాడు.

"నాకేం తెలుసు నాయనా. కొంచెం తొందరగా పోనియ్యి," అంది తలుపమ్మ. లోలోపల డైలాగులు వల్లించుకుంటోంది. సంచీలో కళ్లజోడు కోసం తడిమింది. లేదు. టీవీ పక్కన పెట్టి వచ్చేసింది. దూరపు చూపు బాగానే ఉంటుంది కానీ కాగితం మీది అక్షరం ఒక్కటి ఆనదు. రాసిచ్చినా చదవలేదన్నమాట. 

నది మీది వంతెన దాటాక టాక్సీ ఆగింది. ముందు కార్లు, వాటి ముందు బస్సులు, చూపు ఆనినంత దూరం కదలిక లేదు. డ్రైవరు దిగి వెళ్లి కనుక్కుని వచ్చాడు. "పరుగుపందెమటండీ. ఊరంతా పరిగెత్తుతోంది. పెద్దరోడ్డు మూసేశారు. ఐదుదాకా తెరవరట."

అప్పటికి నాలుగూ పది. స్టూడియో పెద్దరోడ్డుకి ఆ చివర, కిలోమీటరున్నర. కత్తెర మళ్లీ ఫోను చేశాడు. తలుపమ్మ తీయకముందే చెల్లెలు చటుక్కున లాక్కుంది.

"ఎవరు బాబూ నువ్వు? సంతకానికి ఇంత హడావిడి ఏమిటి?"

అటువైపు కత్తెర ఏమన్నాడో తెలియదు కానీ చెల్లెలి కనుబొమలు ముడిపడ్డాయి. "సంతకం ఏమిటంటున్నాడే ఇతను!" అంటూ ఫోను అక్కకు ఇచ్చింది. తలుపమ్మ "నడిచి వస్తున్నా" అని మాత్రం చెప్పి పెట్టేసింది.

"నడిచి ఎక్కడికి? నీకు మోకాళ్ల నొప్పులు లేవా? ఏం జరుగుతోందో చెప్పకపోతే కదలనివ్వను."

"రేపు చెబుతాను చెల్లీ. ఇప్పుడడిగితే ఏడ్చేస్తాను. నువ్వు టాక్సీలోనే ఉండు," అని తలుపమ్మ తలుపు తీసుకుని దిగిపోయింది.

పేవుమెంటు మీద జనం కిక్కిరిసి ఉన్నారు. అడుగు పెట్టే సందు లేదు. తాడు కట్టిన అవతల రోడ్డు మాత్రం ఖాళీగా, విశాలంగా ఉంది. ఛాతీ మీద అంకెలు అంటించుకున్న మనుషులు రొప్పుతూ పరిగెత్తుతున్నారు. తలుపమ్మ ఒక్క క్షణం చూసింది. చెప్పులు విడిచి చేతబట్టుకుంది. సంచీ మెడలో వేసుకుంది. వంగి తాడు కిందనుంచి దూరింది.

"ఏయ్ అమ్మా, అటు వెళ్లకూడదు!" అని తాడు కాస్తున్నాయన అరిచాడు. ఆయన వచ్చి పట్టుకునేలోగా తలుపమ్మ గుంపులో కలిసిపోయింది.

నలభై ఏళ్ల తరువాత పరిగెత్తడం. మొదటి వంద అడుగులు బాగానే పడ్డాయి. తరువాత పక్కటెముకల్లో పొడిచినట్టు నొప్పి మొదలైంది. పక్కనుంచి పోతున్న లావుపాటి ఆయన "అంకె ఏదమ్మా?" అని అడిగాడు. "ఇంట్లో మరిచిపోయాను," అంది. నవ్వలేక నవ్వాడు పాపం. జనం మొదట వింతగా చూశారు. తరువాత ఎవరో ఈల వేశారు. "కానివ్వండి పెద్దమ్మా, ఆగకండి!" అని ఒక గొంతు లేచింది. ఇక చూడాలి, ఆ వరస వరసంతా చప్పట్లు. చెప్పులు చేతబట్టుకుని పరిగెత్తే ముసలావిడను ఎవరు మాత్రం వదులుకుంటారు? ఒకామె నీళ్లగ్లాసు చేతిలో పెట్టింది. సగం తాగి సగం నెత్తిన పోసుకుంది తలుపమ్మ. భయం ఎటు పోయిందో తెలియదు. ముప్పై ఏళ్లలో తన కోసం ఎవరూ ఇలా అరవలేదు. మధ్యమధ్య నడిచింది, మళ్లీ పరిగెత్తింది. అడుగడుక్కీ ఒక్కో డైలాగు చొప్పున మొత్తం సీను ఒక చుట్టు వల్లించుకుంది.

స్టూడియో గేటు దగ్గర తాడు కింద నుంచి బయటికి వచ్చేసరికి నాలుగూ ముప్పై ఆరు. కత్తెర మెట్ల మీదే నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని వరండా వెంట ఇంచుమించు ఈడ్చుకుపోయాడు.

"రికార్డు చేసే టైము లేదమ్మా. ఆరు నిమిషాలుంది."

"మరి?"

జవాబు డైరెక్టరమ్మాయి చెప్పింది. జుట్టు రేగిపోయి, కళ్లు ఎర్రబడి, వార్తలు చదివే గది ముందు ఎదురుచూస్తోంది. "ఇందులో కూర్చోండి. ఎదురుగా బొమ్మ కనిపిస్తుంది. ఇన్‌స్పెక్టరు మాటలు మీ చెవిలో వినిపిస్తాయి. మీ పెదాలు కదిలినప్పుడు మీరు మాట్లాడండి. అది సరాసరి గాలిలోకి వెళ్లిపోతుంది."

"సరాసరి అంటే? తప్పు పోతే?"

"తప్పు పోతే తప్పే వెళుతుంది," అంది అమ్మాయి. దాచుకోకుండా చెప్పింది. "లేదంటే ఏడు నిమిషాలు మూగబొమ్మ. మీరు వద్దంటే వద్దనండి. నేనేమీ అనుకోను."

తలుపమ్మ ఆ అమ్మాయి ముఖం చూసింది. ఇంత పిల్ల ఇంత పెద్ద బరువు నెత్తిన పెట్టుకుని నిలబడితే, తను కాదంటుందా? "కాగితాలు వద్దు. జోడు లేదు. తెర మాత్రం కొంచెం వెనక్కి జరిపించు తల్లీ," అని లోపలికి నడిచింది.

చిన్న గది. గోడల నిండా మెత్తటి దిండ్లలాంటివి. ఒక బల్ల, ఒక మైకు, అద్దం అవతల సౌండు ఇంజనీరు. ఆయన పక్కన ఇంకొకాయన ఉన్నాడు. చూడగానే తలుపమ్మ పోల్చుకుంది. ఇన్‌స్పెక్టరు వేషగాడు! కార్యక్రమం అయ్యాక ఇంటర్వ్యూ అని ఛానెలువాళ్లు పిలిపించినట్టున్నారు. ఎన్ని సినిమాల్లోనో తలుపు కొట్టింది ఈయనే. ఎప్పుడూ "ఏమమ్మా, బాగున్నారా" అనే మనిషే కానీ ఆవిడ పేరు కూడా తెలియదు ఆయనకు. ఇప్పుడు అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు.

ఇంజనీరు ఐదు వేళ్లు చూపించాడు. నాలుగు. మూడు. ఎర్రలైటు వెలిగింది.

తెర మీద పోలీసు స్టేషను గది. బల్లకు ఇటు తలుపమ్మ, అటు ఇన్‌స్పెక్టరు. చెవిలో ఆయన గొంతు: "ఆ రోజు మూడో అంతస్తులో ఎవరున్నారు?"

తెర మీద తన పెదాలు కదిలాయి. "నేనే ఉన్నానండీ," అంది తలుపమ్మ.

గొంతు తనది కానట్టు వచ్చింది. పరుగు ఇంకా ఊపిరిలోనే ఉంది. ఒక్కో మాట మధ్య ఎగశ్వాస. అద్దం అవతల డైరెక్టరమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"మీరు అందర్నీ అడిగారు. నన్ను అడగలేదు."

పెదాలకు మాట అతికినట్టు సరిపోయింది. తలుపమ్మకు ధైర్యం చిక్కింది. ఇక మైకు కనిపించలేదు, ఎర్రలైటు కనిపించలేదు. "లిఫ్టు తాడు అరిగిపోయిందని మూడుసార్లు చెప్పానండీ ఆయనకు. మూడోసారి భోంచేస్తున్నాడు. తల కూడా ఎత్తలేదు. ఆ మర్నాడే మా ఆయన అందులో ఎక్కాడు, తాడు తెగి పోయాడు. తాగి పడిపోయాడని రాయించారు. మా ఆయన జన్మలో చుక్క ముట్టి ఎరగడండీ. ఆ కాగితం మీద నాచేతే వేలిముద్ర వేయించారు."

నాలుగు నిమిషాలు అలా ఏటిలో పడవ పోయినట్టు పోయింది. తరువాత ఇన్‌స్పెక్టరు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, వెనక్కి తిరిగి, "అయితే తోసేశావు," అన్నాడు.

"తొయ్యలేదండీ. లిఫ్టు తలుపు తెరుచుకుంది, లిఫ్టు మాత్రం రాలేదు. ఆయన ఫోను చూసుకుంటూ అడుగు వేశాడు. అంచు పట్టుకుని వేలాడాడు. నేను చీపురు కింద పెట్టాను..."

ఆ తరువాత?

ఖాళీ. బుర్రలో ఒక్క మాట లేదు. స్నానాల గదిలో వందసార్లు, రోడ్డు మీద ఒకసారి చెప్పిన మాట ఎవరో చేత్తో తుడిచేసినట్టు పోయింది. తెర మీద తను కూడా ఆగింది, సీనులో అక్కడ ఒక మౌనం ఉంది. కెమెరా మెల్లగా దగ్గరికి వస్తోంది. ఇంకో మూడు సెకన్లలో ఆ పెదాలు కదులుతాయి. ఇళ్లల్లో చాపల మీద కూర్చున్న లక్షల మంది చూస్తుంటారు. తలుపమ్మ అద్దం వైపు తలతిప్పింది.

అద్దం అవతల ఇన్‌స్పెక్టరు వేషగాడు అప్పటికే చెయ్యి చాచి ఉన్నాడు. మునిగిపోతున్నవాడు చాచినట్టు, అరచెయ్యి పైకి, వేళ్లు వణికిస్తూ. షూటింగు రోజు ఎదురుగా కూర్చుని ఆ మాటలు విన్న మనిషి కదా! నటన చూసి చూసి పండిపోయిన ఆ మొహంలో ఇప్పుడు నటన లేదు.

ఆ చెయ్యి చూడగానే మాట వచ్చేసింది.

"చెయ్యి ఇవ్వమన్నాడండీ. నా రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి." ఊపిరి అందలేదు. అందుకుంది. "ఇవ్వలేదు."

తెర మీద పెదాలు మూసుకున్నాయి. కరెక్టుగా అక్కడే.

మిగిలిన నిమిషంలో ఆవిడకు రెండే మాటలున్నాయి. అవీ అయిపోయాయి. పోలీసు స్టేషను మెట్లు, ఖాళీ వీధి, పేర్లు. ఎర్రలైటు ఆరింది.

ఒక్కసారిగా అవతల గది కేకలతో హోరెత్తింది. కత్తెర కుర్చీ ఎక్కి గంతులు వేస్తున్నాడు. ఇంజనీరు చెవులకున్నవి తీసి బల్ల మీద పడేసి కళ్లు తుడుచుకుంటున్నాడు. డైరెక్టరమ్మాయి తలుపు నెట్టుకుని వచ్చి ఆవిడను వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "ఊరుకోమ్మా, ఊరుకో. అయిపోయిందిగా," అంటూ తలుపమ్మ ఆ అమ్మాయి వీపు నిమిరింది. 

ఇన్‌స్పెక్టరు వేషగాడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఇన్నాళ్లూ ఎక్కడున్నారండీ మీరు?"

"మీ ఎదురుగానే బాబూ," అంది తలుపమ్మ. "చెయ్యి చాచారు చూడండి, ఈ జన్మకు మరిచిపోను."

ఆయన మొహం కందగడ్డలా అయింది. తల వంచి, "మీ పేరేమిటండీ?" అని అడిగాడు. తలుపమ్మ చెప్పింది. ఆయన రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

ఐదు దాటాక రోడ్డు తెరిచారు. ఐదూ ఇరవైకి గేటు దగ్గర గొడవ వినిపించింది. "మా అక్క లోపల ఉంది, నన్ను ఆపుతావా?" అన్న గొంతు వరండా పొడుగునా మోగింది. వెనకాలే టాక్సీ డ్రైవరు. బండి ఎక్కడో వదిలేసి అతనూ వచ్చేశాడు.

చెల్లెలు గదిలోకి వచ్చి అక్కను ఎగాదిగా చూసింది. తడిసిన జుట్టు, దుమ్ము కొట్టుకున్న పాదాలు, మెడలో సంచీ. 

"నెలరోజులు," అంది చెల్లెలు. "ఒకే గదిలో, పక్కపక్క మంచాల మీద. నాతో ఒక్క ముక్క చెప్పలేదు."

"చెప్పకూడదన్నారే."

"నేను ఇతనితో మూడుసార్లు భాగస్తుడే అని బల్లగుద్ది చెప్పాను! ఇతను తమ్ముడన్నాడు. టాక్సీలో కొట్టుకున్నంత పని చేశాం. నువ్వు పక్కన కూర్చుని 'నాకేం తెలుసు నాయనా' అంటావా!"  కోపమో ఏడుపో అర్థం కాలేదు. "చివర్లో నువ్వు మాట్లాడుతుంటే ఇతను బండి ఆపేశాడు తెలుసా?"

"బండి ఆగే ఉందండీ, జాములో," అన్నాడు డ్రైవరు.

"ఇంజను ఆపేశాడు. నీ ఆయాసం వింటుంటే నాకు ఊపిరాడలేదు. ఇంత బాగా ఆయాసపడటం ఎక్కడ నేర్చుకుందా ఇది అనుకున్నాను."

"పరిగెత్తి వచ్చానే. నిజంగా ఆయాసం."

చెల్లెలు ఒక్క క్షణం బిక్కమొహం వేసింది. "అంటే... అది ఇప్పుడా? ఇప్పుడు, ఇక్కడ కూర్చుని చెప్పావా?" అని కత్తెర వైపు చూసింది. అతను తలూపాడు. అంతే, గది దద్దరిల్లేలా ఒక్క కేక పెట్టి అక్కను కావలించుకుంది. ఆ తరువాత ఇద్దరూ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో చూసేవాళ్లకు తెలియలేదు.

తిరుగుదారిలో డ్రైవరు మీటరు వేయనన్నాడు. చెల్లెలు వేయించింది. ఫోను మోగుతూనే ఉంది. ఎప్పుడో పదేళ్ల కిందట కలిసి పనిచేసిన మేకప్ ఆవిడ, ఎవరో పత్రికవాళ్లు, ఇంకో డైరెక్టరు. ఆ డైరెక్టరు ఒక జడ్జి వేషం ఉందన్నాడు. "నిలబడాలా, కూర్చోవాలా?" అని తలుపమ్మ అడిగితే, "జడ్జి కదమ్మా, కూర్చునే!" అన్నాడు. మోకాళ్ల మీద చెయ్యి వేసుకుని "అయితే చేస్తాను," అంది.

మేడ దగ్గర దిగేసరికి మెట్ల మీద ఇల్లిల్లూ వచ్చి కూర్చుని ఉంది. తలుపమ్మను చూడగానే అందరూ ఒక్కసారి లేచారు. చప్పట్లు కొడతారేమో అనుకుంది. కొట్టలేదు. వాళ్లు ఏదో పోట్లాట మధ్యలో ఉన్నారు.

"మీరే చెప్పండి," అంది బ్యూటీపార్లరు ఆవిడ, తువ్వాలు ఇంకా నెత్తినే ఉంది. "చెయ్యి ఇవ్వకపోతే అది హత్య అవుతుందా? ఆవిడ తొయ్యలేదు కదా!"

"అవుతుంది," అన్నాడు పోస్టుమాన్ తాత కర్ర నేలకు కొట్టి. "ఖాళీ చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడితే తోసినట్టే లెక్క. శిక్ష పడాల్సిందే."

"ఆవిడ మొగుణ్ణి చంపినవాడికి పడిందా శిక్ష? అది చెప్పండి ముందు!"

"ఒక తప్పుకు ఇంకో తప్పు జవాబా?"

చెల్లెలు చేతిలోని అక్క సంచీ నేల మీద పడేసి రంగంలోకి దిగింది. "తాతగారూ, మీరు ఆ వేలిముద్ర సంగతి మరిచిపోతున్నారు." డ్రైవరు కూడా, వెళ్లిపోవాల్సినవాడు, మెట్టు మీద చతికిలబడి "నేనైతే ఆవిడను వదిలేద్దునండీ" అన్నాడు.

తలుపమ్మ రెండో మెట్టు మీద అందరి మధ్య కూర్చుని కాళ్లు చాపుకుంది. అరికాళ్లు భగభగ మండుతున్నాయి. ఎవరో నీళ్లు ఇచ్చారు. తాగుతూ కాసేపు విన్నది. తన గురించి కాదు వాళ్లు మాట్లాడుకుంటున్నది. ఆ మెట్లు ఊడ్చే ఆవిడ గురించి, ఆమె ఎక్కడో నిజంగా ఉన్నట్టు, రేపు కోర్టుకు వెళుతున్నట్టు. గ్లాసు పక్కన పెట్టింది.

"ఆగండి," అంది. "ఆవిడ చీపురు కింద పెట్టింది కదా? ఎందుకు పెట్టిందంటారు? చెయ్యి ఇద్దామనే పెట్టింది. ఆ తరువాత మనసు మార్చుకుంది. అక్కడుంది అసలు సంగతి."

తాత మళ్లీ కర్ర నేలకు కొట్టాడు. "అయితే ఇంకా పెద్ద శిక్ష పడాలి!" అన్నాడు. మెట్లమీద వాళ్లంతా ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. తలుపమ్మ అందరికంటే గట్టిగా అరుస్తూ ఆవిడ తరఫున వాదనకు దిగింది.